కుంకుమ – హితాహిత వివేకం

ఫాల్గుణ మాసం రాగానే ఇచ్చోడ పరిసరారణ్యాలు మోదుగుపూలతో అగ్నివర్ణం దాలుస్తాయి. ఆ పూలను మరిగించి తీసిన రంగుతో హోలీ ఆడటం ఈ ప్రాంతపు గిరిజన గూడేల సంప్రదాయం. ఉత్తర తెలంగాణ అడవుల్లోనే నల్లజీడి వృక్షమూ పెరుగుతుంది. దాని కాయలోని రసం తాకితే చర్మం బొబ్బలెక్కుతుంది. రెండూ ప్రకృతి ప్రసాదితాలే. కనుక ‘సహజం’ అనే మాట ఒక్కటే క్షేమానికి ప్రమాణం కాదు. తలంటుకు ఉత్తమమైన కుంకుడురసం సైతం కంట పడితే మండుతుంది కదా!

లలాట కుంకుమ విషయంలో ఈ వివేకం అత్యావశ్యకం. పసుపుకు క్షారం తోడైతే ఎరుపు జనిస్తుంది. సంప్రదాయ కుంకుమకు మూలమిదే. నేడు పిండికి కృత్రిమ వర్ణం కలిపినదీ అదే పేరుతో లభిస్తున్నది. దానివల్ల కొందరు సువాసినులకు భ్రూమధ్యంలో దురద, నల్లమచ్చ ఏర్పడతాయి. బొట్టు మార్చితే అమంగళమనే భయంతో వారు ఆ బాధను మౌనంగా సహిస్తారు. మరొకవైపు, పూర్వం సిందూరంగా వాడిన ఇంగిలీకం పాదరస ఖనిజం. భూగర్భంలో పుట్టినంత మాత్రాన అది నిరపాయం కాదు.

చరకసంహిత ఆయుర్వేదాన్ని హితాహిత విచారంగా నిర్వచించింది. యుక్తితో విషమూ ఔషధమవుతుందనీ, యుక్తి లేనప్పుడు ఔషధమూ విషమవుతుందనీ బోధించింది. ద్రవ్యానికి జన్మ కాదు, ఫలమే పరీక్ష. షాంపూకైనా, సున్నిపిండికైనా ఇదే న్యాయం.

ఏమి కలిపారో దాచి విక్రయించడం అసత్యం. బాధిస్తున్నదని తెలిసీ ధరించడం ఆత్మహింస. కొత్త కుంకుమను ముందుగా మోచేతి లోపలి భాగాన అద్ది పరీక్షించాలి. పడకుంటే మాని, శుద్ధ చందనాన్ని ధరించడం అపచారం కాదు. మాంగల్యం భావంలో ఉన్నది, రంగులో కాదు.