దాయాదుల పంపకం

ధ్రువ ప్రాంతంలోని నీ-ఒలెసుండ్ అనే నార్వే ఊళ్ళో విమానం దిగీ దిగగానే ఫోన్లో వైఫై, బ్లూటూత్ ఆపేయమన్నారు. ఊరి పక్కనున్న పెద్ద యాంటెనాలు ఎంతో దూరపు అంతరిక్షం నుంచి వచ్చే రేడియో తరంగాలను వింటాయి. చేతిలోని చిన్న ఫోను కూడా వాటికి అడ్డమే. గడప దగ్గర బూట్లు విప్పాలి. అది బొగ్గు గనుల కాలం నాటి అలవాటు. 1962లో గనిలో పేలుడుకు 21 మంది పోయారు. ఆ తర్వాత తవ్వకం ఆగి, ఊరు పరిశోధకుల చేతికొచ్చింది. ఇక్కడి ఇళ్ళలో ఒకటి మన దేశపు కేంద్రం, 2008లో మొదలైన హిమాద్రి.

నేను వెళ్ళింది నీళ్ళలోని జీవుల కోసం. ఆగస్టు మొదటి వారం, రాత్రి పదకొండైనా ఎండ తగ్గలేదు. ఊరి ముందున్న సముద్రపు పాయ, కోంగ్స్‌ఫ్యోర్డెన్ అనే ఫ్యోర్డు మధ్యలో పడవ ఆపి, సన్నని వలను నిలువుగా దించి, మెల్లగా పైకి లాగారు. వల తోకకు బిగించిన డబ్బాలో ఎర్రెర్రగా, నూకల్లా కదులుతున్న జీవులు. అవి కోపీపాడ్లు, రొయ్యకు దూరపు చుట్టాలు.

రేవు పక్కన ప్రయోగశాలలో మైక్రోస్కోపు దగ్గర కూర్చున్న అమ్మాయిది శ్రీకాకుళం జిల్లా అని తెలిశాక నాకు ప్రాణం లేచొచ్చింది. "చూడండి సార్, ఒంట్లో సగం నూనే," అంది. నిజమే. గాజులాంటి ఒంటి నిండా పొడవాటి నూనె సంచి మెరుస్తోంది.

ఈ ఫ్యోర్డులో కాలనస్ అనే ఒకే ప్రజాతికి చెందిన మూడు జాతులున్నాయి: ఫిన్‌మార్కికస్, గ్లేసియాలిస్, హైపర్‌బోరియస్. ముగ్గురి పోలికా ఒకటే, కోలటి ఒళ్ళు, ఒంటి పొడవు మీసాలు. మేతా దాదాపు ఒకటే, వసంతంలో ఒక్కసారిగా విరగపెరిగే సన్నని నాచు. ఏడాదిలో నాలుగు నెలలు సూర్యుడే కనబడని చోట ఆ మేత నిండుగా దొరికేది కొద్ది వారాలు. ఇంత కరువు చేలో దాయాదులు కలిసి ఎలా బతుకుతున్నారు? నన్ను అంత దూరం లాక్కెళ్ళిన ప్రశ్న అదే.

వాళ్ళ పంపకం ముఖ్యంగా కాలంలో జరిగింది. ముగ్గురిలో పెద్దది, బియ్యపు గింజంత ఉండే హైపర్‌బోరియస్, గాదె నిండిన రైతు. ఏళ్ళ తరబడి బతుకుతూ వేసవి వేసవికీ నూనె కూడబెట్టి, నడి చలికాలంలో, చిమ్మచీకట్లో, లోతుల్లో గుడ్లు పెడుతుంది. గుడ్లలోనూ నూనే కనుక అవి తేలుతూ పైకొస్తాయి. వెలుగు వచ్చి నాచు పెరిగే నాటికి పిల్లలు పైన సిద్ధంగా ఉంటాయి. ఫిన్‌మార్కికస్‌ది ఏ పూట సంపాదన ఆ పూటకే. నాచు వచ్చాక, తిన్న తిండి బలంతోనే అది గుడ్లు పెడుతుంది. ఇక్కడ దాని బతుకు ఏడాది.

గ్లేసియాలిస్ పద్ధతి నాకు మరీ నచ్చింది. సముద్రపు మంచు అడుగున అంటుకుని పెరిగే నాచు, నీటిలోని నాచు కంటే వారాల ముందే అందుతుంది. తల్లి దాన్ని మేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు మేతకొచ్చే వేళకు నీటిలో నాచు సిద్ధం. తల్లికో కాపు, పిల్లలకో కాపు. మంచు లేని చోట దాచుకున్న నూనెతోనూ నెట్టుకురాగలదు.

ఇదంతా కూర్చుని రాసుకున్న ఒప్పందం అనుకోకూడదు. హైపర్‌బోరియస్ పుట్టిల్లు గ్రీన్‌లాండ్ సముద్రం, ధ్రువ సముద్రాల లోతులు. గ్లేసియాలిస్‌ది ధ్రువ తీరాల్లో లోతు తక్కువ నీళ్ళు. ఫిన్‌మార్కికస్‌ను అట్లాంటిక్ నుంచి వెచ్చని ప్రవాహం మోసుకొస్తుంది. ఎవరి ఇంటి అలవాటు వారు తెచ్చుకున్నారు. ఫ్యోర్డు వాళ్ళందరూ కలిసే కూడలి.

ఆ కూడలిలో ఇప్పుడు ఫిన్‌మార్కికస్ వైపు మొగ్గు పెరుగుతుందేమోనన్నది నా బెంగ. 2006 నుంచి ఈ ఫ్యోర్డులో చలికాలపు మంచు బాగా తగ్గింది. 2014లో మనవాళ్ళు దించిన ఇండార్క్ పరికరాల వరుస ఇక్కడి నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తూ వచ్చింది. మొగ్గు మారితే ఆ దెబ్బ పిట్టలకూ తగులుతుంది. ఈ తీరాల కొండరాళ్ళ సందుల్లో పిల్లను పెంచే లిటిల్ ఆక్ పిట్ట, గొంతు సంచిలో ఎక్కువగా నింపుకొచ్చేది గ్లేసియాలిస్‌నే. ఫిన్‌మార్కికస్‌లో నూనె పలు రెట్లు తక్కువ. అట్లాంటిక్ దాయాది వాటా పెరిగితే అదే ఒక్క పిల్ల కడుపు నింపడానికి పిట్ట మరెన్నో జీవుల్ని ఏరుకోవాలి.

"ఇందులో గ్లేసియాలిస్ ఏదమ్మా?" అని అడిగాను. ఎర్ర మీసాలున్నదాన్ని చూపిస్తుందనుకున్నాను. తల అడ్డంగా ఊపింది. గ్లేసియాలిస్‌కు ఒళ్ళు కాస్త పొడవని చాలాకాలం నమ్మి లెక్కలు కట్టారు. మీసాలు ఎరుపనీ అనుకున్నారు. జన్యువులు పరీక్షిస్తే పొడవులు కలిసిపోయాయి, కొన్ని నార్వే ఫ్యోర్డుల్లో ఫిన్‌మార్కికస్ మీసాలూ ఎర్రగానే తేలాయి. అక్కడ ఉండదనుకున్న దక్షిణపు ఫ్యోర్డుల్లోనూ గ్లేసియాలిస్ బయటపడింది. అంటే ఎవరి వాటా ఎంతో చెప్పే పాత పట్టికల్ని మళ్ళీ చూసుకోవాలి.

ఆమె ఒక్కో జీవినీ సన్నని పట్టకారుతో ఎత్తి, ఆల్కహాల్ గొట్టంలో వేసింది. చీటీ మీద తేదీ, లోతు రాసింది. పేరు దగ్గర "కాలనస్" అని రాసి, రెండో మాటకు చోటు వదిలింది.