బండి తాళాలు ఇప్పుడు అమ్మ దగ్గరున్నాయి

మా నాన్న జీవితంలో మందు ముట్టలేదు. అయినా లివర్ పాడైందని తెలియగానే చుట్టాల్లో సగంమంది అడిగిన మొదటి మాట 'బాగా తాగేవాడా?' అనే. హెపటైటిస్-బి ఉన్నా, షుగరూ ఫ్యాటీ లివరూ ఉన్నా సిరోసిస్ రావచ్చని ఎంతమందికని చెబుతాం? నాన్నది హెపటైటిస్-బి.

ఆయనకో టాటా ఏస్ ఉంది. గుంటూరు నుంచి సత్తెనపల్లి వైపు ఊళ్ళకి కిరాణా సరుకు వేస్తాడు. పొట్టలో నీరు తగ్గి, ఒంట్లో కాస్త ఓపిక రాగానే మళ్ళీ బండెక్కేశాడు.

తేడా మొదట అమ్మకి తెలిసింది. పగలంతా కునికిపాట్లు, రాత్రి నిద్ర లేదు. లెక్కల పుస్తకంలో అక్షరాలు గీత దాటిపోతున్నాయి. ఫోన్‌పే పిన్ రెండుసార్లు తప్పు కొట్టాడు. ఇవన్నీ అలసట అని సరిపెట్టుకోవచ్చు. కానీ నేను కూడా బండిలో వెళ్ళిన రోజు, పేరేచర్ల జంక్షన్‌లో సత్తెనపల్లి రోడ్డు ఎక్కాల్సినవాడు నరసరావుపేట రోడ్డు పట్టాడు. 20 ఏళ్లుగా తిరుగుతున్న దారి అది. అంతకుముందు ఓ ఆటో సడన్‌గా బ్రేకేస్తే, పక్కన కూర్చున్న నా కాలే ముందు నేలని తొక్కింది. ఆయన కాలు ఆ తర్వాత బ్రేకు మీదికెళ్ళింది. మాటలో మాత్రం ఏ తడబాటూ లేదు. 'కబుర్లలో పడి చూసుకోలేదు' అన్నాడు. అసలు మేం మాట్లాడుకోవడమే లేదు.

ఆ వారమే లివర్ డాక్టరు దగ్గరికెళ్ళాం. పేగుల్లో పుట్టే అమోనియాని లివర్ యూరియాగా మార్చేస్తుంది, అది మూత్రంలో పోతుంది. సిరోసిస్‌లో ఈ పని సరిగ్గా జరగక అమోనియా రక్తంతోపాటు మెదడుకి చేరుతుంది. ముదిరితే మనిషి తికమకపడతాడు, చేతులు అల్లల్లాడతాయి, కోమాలోకీ వెళ్ళొచ్చు. దీన్నే హెపాటిక్ ఎన్‌సెఫలోపతీ అంటారు. మొదటి దశలో ఇవేవీ పైకి కనిపించవు. మాట్లాడితే దొరకదు. ఏకాగ్రత, చురుగ్గా స్పందించడం, దారి పోల్చుకోవడం... స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి ఏవి కావాలో సరిగ్గా అవే దెబ్బతింటాయి.

పరీక్ష కూడా సింపులే. కాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న 1 నుంచి 25 దాకా అంకెల్ని వరసగా గీతతో కలపమన్నారు. నాన్న 13 దగ్గర ఆగిపోయి 14 కోసం వెతుకుతూనే ఉన్నాడు. అది ఆయన వేలి పక్కనే ఉంది. తర్వాత, ఒక నిమిషంలో గుర్తొచ్చినన్ని జంతువుల పేర్లు చెప్పమన్నారు. ఆవు, గేదె, మేక, కుక్క, పిల్లి... కాసేపాగి ఎద్దు. మళ్ళీ ఆవు. చిన్నప్పుడు గేదెలు కాసిన మనిషి! ఇంకో పేరు చెప్పేలోపు టైమైపోయింది. పది కూడా రాకపోతే అనుమానించాలట. బయటికొచ్చాక 'ఎల్‌కేజీ పిల్లాడికి పెట్టినట్టు ఇదేం పరీక్ష?' అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

'30 ఏళ్ల సర్వీసు. బండికి ఒక్క గీత పడలా' అన్నది ఆయన వాదన. అది మొండితనం కాదు, జబ్బులో భాగమే. అమెరికాలో డాక్టర్ జస్మోహన్ బజాజ్ బృందం ఇలాంటి పేషెంట్లని డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద కూర్చోబెట్టి చూసింది. తప్పులు ఎక్కువ చేసినవాళ్ళు కూడా తమ డ్రైవింగ్‌కి మిగతావాళ్ళతో సమానంగా మార్కులు వేసుకున్నారు. వాళ్ళ డ్రైవింగ్ తెలిసిన దగ్గరివాళ్ళు మాత్రం తక్కువే వేశారు. మన లైసెన్స్ ఫారంలో మూర్ఛ, స్పృహ తప్పడం, కళ్ళు తిరగడం గురించి అడుగుతారు. లివర్ గురించి విడిగా అడగరు. అడిగినా, తనకేం కాలేదని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి ఏం రాస్తాడు? పక్క సీట్లో కూర్చునేవాళ్ళే చెప్పాలి.

మందు విషయంలో ఇంకో తిరకాసు బయటపడింది. డాక్టరు లాక్టులోజ్ సిరప్ రాశారు. రోజుకి రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా డోసు చూసుకోవాలి. నాన్న లోడు ఉన్న రోజున దాన్ని ఎగ్గొట్టేవాడు. దారిలో ఎక్కడని ఆపుతాడు? బంకులో బాత్రూమ్‌కి తాళం ఉంటుంది. సరుకు రోడ్డు మీదొదిలి పొలాల్లోకి పోలేడు. తాగకపోతే మలబద్ధకం, దాంతో అమోనియా ఇంకా పెరుగుతుంది. అంటే బండి తీసే రోజే, ఆయన బండి ముట్టుకోకూడని రోజన్నమాట. ఈ సంగతి డాక్టరుకి చెప్పడానికి ఆయనకి సిగ్గు. అమ్మే చెప్పింది. ఆడవాళ్ళ ముందు ఇలాంటివి మాట్లాడతారా అని ఆ రోజంతా ఆవిడ మీద అలిగాడు కూడా.

సిరోసిస్ ఉన్న ప్రతివాళ్ళూ బండి అమ్ముకోవాలని కాదు. చాలామంది మామూలుగానే నడపగలరు. మందులు సరిగ్గా పడితే ఈ మందకొడితనం తగ్గొచ్చు కూడా. నాన్నకి మాత్రం ప్రస్తుతానికి వద్దన్నారు.

తాళాలు పోపులడబ్బాలోకి వెళ్ళాయి. పెదనాన్న కొడుకు రోజుకూలి మీద నడుపుతున్నాడు. డీజిలూ కిస్తీ పోగా మిగిలేది ఇద్దరికీ చాలడం లేదు. నా జీతంలోంచి కొంత కిస్తీకి కడుతున్నానని నాన్నకి తెలుసు, ఆ మాటెత్తడు. పక్క సీట్లో కూర్చుని 'గేరు మార్చరా, బండి ఏడుస్తోంది' అని అన్నయ్యని తినేస్తున్నాడు.

వచ్చే నెల మళ్ళీ పరీక్ష. సాయంత్రంపూట అక్క కొడుకు బొమ్మల పుస్తకం ముందేసుకుని ఖడ్గమృగం, జిరాఫీ, కంగారూ అంటూ బట్టీ పడుతున్నాడు. అది కాపీ కొట్టడమే నాన్నా అంటే, 'నువ్వు డాక్టరుకి చెప్పమాకే' అంటున్నాడు.