నీళ్ళకి లెక్కా?

కారవాన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? షూటింగ్ జరిగేచోట చెట్టు కింద ఆగి ఉండే తెల్లటి బండి... అందులోంచి మేకప్ సరిచేసుకుని దిగే హీరోయిన్... అవునా? నాకైతే ఆ బండి బయట ఎండలో నిలబడి, "షాట్ రెడీ మేడమ్!" అంటూ తలుపు తట్టే మనిషి గుర్తొస్తాడు. ఎందుకంటే ఆయన మా శ్రీవారు!

పన్నెండేళ్ళుగా ఆయన అసిస్టెంట్ డైరెక్టరు. ఉండేది హైదరాబాదు కృష్ణానగర్‌లో. నేను అమలాపురం దగ్గర హైస్కూల్లో లెక్కల టీచర్ని. పెళ్ళయి పదకొండేళ్ళు. సంక్రాంతికి ఆయనొస్తారు, వేసవి సెలవుల్లో నేను వెళ్తాను. మాకింకా పిల్లల్లేరు. పుడితే ఎవరు, ఎక్కడ పెంచాలన్న ప్రశ్నకి ఇద్దరి దగ్గరా జవాబు లేదు. లెక్కల టీచర్నయి ఉండీ ఆ ఒక్క లెక్కా నాకు తెగలేదు.

అలాంటి మేం 2023 జూన్ మొదటి వారంలో ఓ కారవాన్ అద్దెకి తీసుకుని అనంతపురం సీమలో ఏడు రోజులు తిరిగొచ్చాం. ఏ స్విట్జర్లాండో కాదు... రోహిణి కార్తె ఎండల్లో, రాయలసీమలో! నవ్వకండి. కారణం ఉంది.

శ్రీవారు ఒక కథ రాసుకున్నారు. సీమ కథ! ఇందులో పదకొండు బాంబులు, ఇరవై సుమోలు, ఒక తొడగొట్టే తాతగారు. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర' మా ఊరి హాల్లో చూసి పెరిగిన మనిషి కదా... సీమ అంటే ఆయనకదే. రావులపాలెం మనిషి, ఒంగోలు దాటి ఎరగరు. కథ విన్న నిర్మాత ఒకాయన, "బాగానే ఉందయ్యా, ఒకసారి ఆ ఊళ్ళు చూసి రా" అన్నారట. అదీ సంగతి!

"నువ్వూ రా. సినిమాల్లోలాగా బండిలోనే వంట, బండిలోనే పడక" అన్నారు ఫోన్లో. సరేనన్నాను. నా హ్యాండ్‌బ్యాగులో ఒక నోటుపుస్తకం పెట్టుకుని మరీ బయల్దేరాను. పదకొండేళ్ళుగా ఆయనకి నేను పంపిన ప్రతి రూపాయీ తారీఖుతో సహా అందులో రాసి ఉంది. ఏడో రోజున అది ఆయన ముందు పెట్టి, "ఇక చాలండీ, వచ్చెయ్యండి. మా అన్నయ్య రైస్‌మిల్లులో పని ఉంది" అని చెప్పాలని నా ప్లాను.

కళ్ళు పోయిన కోశాధికారి

బెంగళూరులో బండి తీసుకుని మొదటి రోజు లేపాక్షి చేరాం. ఊరి మొదట్లోనే నంది! ఇరవయ్యేడు అడుగుల పొడవు, పదిహేనడుగుల ఎత్తు... అంతా ఒకే రాయి. ఇప్పుడే లేచి నడిచిపోతుందేమో అన్నట్టుంది. గుళ్ళో వేలాడే స్తంభం కింద నుంచి అందరిలాగే నేనూ చీర కొంగు దూర్చి అవతల లాగాను.

అయితే నన్ను పట్టుకున్నది అవేవీ కావు. పడమటి గోడ మీద ఎర్రటి మరకలున్నాయి. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో అధికారి. రాజుకి చెప్పకుండా ఖజానా డబ్బు గుడికి ఖర్చు పెట్టాడని నేరం మోపితే, ఆ లెక్క చెప్పలేక తన కళ్ళు తానే పీక్కుని ఆ గోడకేసి కొట్టాడని అక్కడివాళ్ళ కథ. అతని కల్యాణ మంటపం అలాగే సగంలో ఆగిపోయింది. స్తంభాలున్నాయి, పైకప్పు లేదు.

లెక్క చెప్పలేని మగవాడు... పూర్తికాని కల్యాణ మంటపం... బ్యాగులో నోటుపుస్తకం ఒక్కసారిగా బరువెక్కినట్టనిపించింది. శ్రీవారు మాత్రం, "ఇక్కడ ఛేజ్ తీస్తే అదిరిపోతుంది!" అంటున్నారు.

ఖాళీ అయిన ట్యాంకు

రెండో రోజు పెనుకొండ. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని తెచ్చుకున్న కొండ అది. ఆ ఊరి పొలిమేరలోనే ఇప్పుడు కొరియా వాళ్ళ కార్ల ఫ్యాక్టరీ ఉంది. కోట, ఫ్యాక్టరీ రెండూ చూసుకుంటూ సాయంత్రానికి పుట్టపర్తి వైపు తిరిగాం. 2022 ఏప్రిల్ 4 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాకి ముఖ్య పట్టణం. ఆశ్రమం, పెద్దాసుపత్రి, విమానాశ్రయం... చిన్న ఊరికి ఇంత హంగా అనిపిస్తుంది. ఇంకో నాలుగు మైళ్ళు పోతే మాత్రం ఎర్రమట్టి, రాళ్ళు, ఎండిన గడ్డి, దూరంగా ఒంటరి చింతచెట్టు. చిత్రావతి ఇసుక మేటలా పడుకుని ఉంది.

ఇక్కడ ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. మా కోనసీమలో పడేదాంట్లో ఇంచుమించు సగం. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసి తేలికైపోతాయి. ఈశాన్యపు మేఘాలకి సముద్రం దూరం. రెండు పెళ్ళిళ్ళకీ పిలుపందని చుట్టంలా ఉంటుంది ఈ నేల.

ఇవన్నీ నాకు పుస్తకంలో తెలుసు. తెలిసీ ఏం చేశానో వినండి! మూడో రోజు పొద్దున్నే, దుమ్ముపట్టిన జుట్టు చూసుకుని ప్రాణం విసిగి, బండి ట్యాంకు నీళ్ళతో శుభ్రంగా తలంటి పోసుకున్నాను. గోదావరి పిల్లని కదా! మగ్గు మీద మగ్గు... చివరికి గొట్టంలోంచి "గుర్రు" మని గాలొచ్చింది. కాఫీకి చుక్క లేదు.

"ట్యాంకు మొత్తం పోసేశావా?" అన్నారు శ్రీవారు.

"పోసేశాను. పన్నెండేళ్ళు మీరు పోసుకోలేదూ?" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. పెళ్ళయ్యాక మొదటిసారి అంత మాట అన్నాను. ఆయన మారుమాట్లాడలేదు. బిందె కోసం వెతికారు. కారవాన్‌లో టీవీ ఉంది, ఫ్రిజ్ ఉంది, బిందె లేదు!

పెద్దమ్మ

పక్క పల్లెలో కొళాయి దగ్గర వరసగా ప్లాస్టిక్ బిందెలు. 1990ల నడిమిలో సత్యసాయి తాగునీటి పథకం అప్పటి అనంతపురం జిల్లాలో ఏడువందలకి పైగా గ్రామాలకి నీళ్ళిచ్చింది. చివర్లో అరవై దాటిన ఒకావిడ నాలుగు బిందెలు నింపుకుని నిలబడి ఉంది. మా బండి వైపు చూసి నోరు నొక్కుకుంది.

"ఇల్లే ఎత్తుకొని వచ్చినారే! యాడ్నుంచి మా?"

"కోనసీమ అండి. గోదావరి పక్కన."

"ఓ... నీళ్ళుండే దేశం! మరి ఈడికొచ్చి నీళ్ళకి తిరుగుతాండారా?" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే ఒక నిండు బిందె నా వైపు జరిపింది.

నేను బ్యాగులోంచి వందనోటు తీశాను. ఆవిడ మొహం మారిపోయింది.

"నీళ్ళకి లెక్క తీసుకుంటారా మా, యాడన్నా?"

లెక్కంటే అక్కడ డబ్బు! నాకది తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. ఈలోగా లెక్కల టీచర్నైన నాకు ఒళ్ళంతా సిగ్గేసింది.

వాళ్ళింటికి తీసుకెళ్ళింది. రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి పెట్టింది. మూలన విత్తనం మూటలున్నాయి. మృగశిర వానకి చెనక్కాయ వెయ్యాలట.

"ఏడు తూర్లు ఇత్తినాం. రెండు తూర్లు పండింది. 2021లో పంట చేతికొచ్చే ఏళకి ఈ చిత్రావతే పొంగె, అంతా కొట్టకపాయె" అంది.

"అయినా మళ్ళీ వేస్తారా పెద్దమ్మా?" అన్నారు శ్రీవారు.

"ఇత్తకుంటే భూమి ఏమనుకుంటాది నాయనా?"

శ్రీవారి కళ్ళు మెరిశాయి. సినిమా మనిషి కదా, డైలాగు దొరికిందనుకున్నారు. నాకు మాత్రం ఇంకో ప్రశ్న తన్నుకొచ్చింది. "మరి అప్పులెవరు కడతారు పెద్దమ్మా?"

ఆవిడ సంగటి గిన్నె వైపు చూస్తూ అంది. "నా కోడలు మా. బెంగళూర్లో బట్టల ఫ్యాక్టరీలో కుడ్తాంది. నెలనెలా ఆ బిడ్డే పంపిస్తాది. పండగకొస్తాది... పోతాది."

ముద్ద నా గొంతులో అడ్డుపడింది. శ్రీవారు నా వైపు చూశారు. అంతకుముందు ఎప్పుడూ అలా చూసినట్టు నాకు గుర్తులేదు.

ఆ ఇంట్లో బాంబుల్లేవు. గొడ్డళ్ళ గది లేదు. దేవుడి పటాల పక్కన కోడలి పెళ్ళి ఫోటో ఉంది, అంతే.

నోటుపుస్తకం

ఆ రాత్రి బుక్కపట్నం చెరువు పక్కన బండి ఆపుకున్నాం. "పెద్దమ్మ మాటలు మర్చిపోకముందే రాసుకోవాలి, కాగితం ఉందా?" అన్నారు. నేను వంట దగ్గరున్నాను. "బ్యాగులో చూడండి" అనేశాను.

అన్నాక గుర్తొచ్చింది!

తిరిగి చూసేసరికి నోటుపుస్తకం ఆయన చేతుల్లో తెరిచి ఉంది. మొదటి పేజీ... రెండో పేజీ... ఒక్కో పేజీ తిప్పుతున్నారు. కుక్కర్ విజిల్ వేసింది. ఇద్దరం కదల్లేదు. చివరి పేజీ దాకా చదివి, మూసి, నెమ్మదిగా అన్నారు.

"ఇందులో ఒకటి తప్పింది. నన్ను చూడ్డానికి నువ్వొచ్చిన బస్సు ఛార్జీలు రాయలేదు."

నేను ఏడ్చేశాను. సినిమాల్లోలా హీరో వచ్చి దగ్గరికి తీసుకోలేదు. స్టవ్ కట్టేసి వచ్చి పక్కన కూర్చున్నారు. అంతే. అదే చాలా ఎక్కువ.

చివరి రోజు కదిరి దాటి తిమ్మమ్మ మర్రిమాను కిందికి వెళ్ళాం. అయిదెకరాలకి పైగా పరుచుకున్న ఒక్క చెట్టు! 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఊడ ఏదో మాను ఏదో తెలీదు. ఆ ఊడల నీడలో కూర్చుని మాట్లాడుకున్నాం. పిల్లల గురించి కూడా. ఒక ఏడాది గడువు పెట్టుకున్నాం. ఈలోపు కథ నిలబడితే నేను హైదరాబాదుకి బదిలీకో, ఉద్యోగం మార్పుకో చూస్తాను. నిలబడకపోతే ఆయన ఇంటికొస్తారు. కాని రైస్‌మిల్లుకి కాదు, ఏం పనికో ఇద్దరం కలిసి ఆలోచిస్తాం.

ఏడాదిలోగా ఏ నిర్మాతా ఆ కథ కొనలేదు. ఇప్పుడు శ్రీవారు అమలాపురంలోనే ఉన్నారు. పెళ్ళిళ్ళ వీడియోలు ఎడిట్ చేస్తారు, రాత్రిళ్ళు రాస్తారు. పాత కథలోని ఇరవై సుమోలూ షెడ్డుకి పోయాయి. కొత్త కథలో హీరోయిన్ బెంగళూరులో బట్టలు కుడుతుంది.

"హీరో ఎవరండీ?" అనడిగాను మొన్న.

"వాన కోసం చూస్తుంటాడు. అతనికి డైలాగులు తక్కువ" అన్నారు.

మీలో పెళ్ళి కావలసినవాళ్ళకి ఒక్క మాట. హనీమూన్‌కి ఎక్కడికైనా వెళ్ళండి. కాని బిందె మాత్రం మర్చిపోకండి!