టీవీ బంద్ చేస్తే రోగం బంద్ కాదు

"గదంతా టీవీలోళ్ల లొల్లి సారూ!" ఏ జ్వరాల కాలం వచ్చినా కరీంనగర్‌లో డాక్టరుగా నేను వినే మాట ఇది. కోపమొస్తుంది. అయితే ఆ మాట ఊరికే పుట్టలేదు.

2020 మార్చిలో ఢిల్లీ నుంచి సంపర్క్ క్రాంతి రైల్లో వచ్చి రామగుండంలో దిగి కరీంనగర్ చేరిన ఇండోనేషియా మతప్రచారకుల్లో పది మందికి కరోనా తేలింది. అంతే, కొన్ని చానళ్ళు మా ఊరిని వల్లకాడు కాబోతున్నట్టే చూపించాయి. రోగం గురించి చెప్పింది తక్కువ, వచ్చినవాళ్ళ మతం గురించి చెప్పింది ఎక్కువ. అంతకు ముందే కోడి తింటే కరోనా అన్న పుకారు ముదిరి, అప్పటి ఆరోగ్యమంత్రి, మా హుజూరాబాద్ ఎమ్మెల్యే ఈటల రాజేందర్ సహా మంత్రులు హైదరాబాదులో వేదికెక్కి కోడి తిని చూపించాల్సి వచ్చింది.

మా ఊళ్ళో ముకరంపుర దారులు మూశారు. వైద్య బృందాలు గడపగడపకూ తిరిగి దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళను వెతికాయి. రోగం అదుపులోకి వచ్చింది. జనం మాత్రం "చూసినవా, ఏం కాలే, అంతా అబద్ధమే" అన్నారు. ఎండలో తిరిగిన ఆశా కార్యకర్తల కష్టమే వార్తలు అబద్ధమనడానికి రుజువైపోయింది. నా మనసు కలుక్కుమనేది ఇక్కడే.

2021 వేసవి వచ్చింది. ఈ రోగంలో మొదటి వారం జ్వరం, దగ్గు. రెండో వారం ఊపిరితిత్తులు దెబ్బతింటే రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. కొందరికి ఆయాసమే తెలియదు. మంచిర్యాల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కుర్చీలో కూర్చుని మామూలుగానే మాట్లాడుతున్నాడు. వేలికి పెట్టిన మిషన్ ఆక్సిజన్ 78 శాతం చూపిస్తోంది.

"ఇన్ని దినాలు ఏం చేసినవ్ బాపూ?"

"టీవీ బంద్ చేసిన బిడ్డా. గవి చూస్తే భయానికే రోగం వస్తదన్నరు."

ఆక్సిజన్, స్టెరాయిడ్, రక్తం గడ్డకట్టకుండా సూది ఇచ్చాం. ప్రాణం దక్కలేదు. ఆయన కొడుకు రిపోర్టు చేతిలో పట్టుకుని "నిజంగ కరోనానేనా సార్?" అని అడుగుతూనే ఉన్నాడు. తిట్టాలనిపించలేదు. అతనికి నమ్మదగ్గ మాట చెప్పినవాళ్ళెవరు?

ఇప్పుడు వానాకాలం డెంగీకీ అదే లొల్లి. పేపర్లు ప్లేట్‌లెట్ల లెక్క వేస్తాయి, జనం కొట్టిపారేస్తారు. జ్వరం దిగిందని మందులు, నీళ్ళు మానేస్తారు. డెంగీలో గండం జ్వరం దిగే ఆ ఒకటి రెండు రోజుల్లోనే. అందుకే మందుల చీటీ మీద పెద్దక్షరాలతో రాసిస్తున్నాను: జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే దవాఖానకు రండి.