మూత పెట్టిన పళ్లెం

పాతబస్తీలోని మా యింట భోజనానికి ఒక వేళ ఉండేదంటే నేడు మాకే వింతగా తోస్తుంది. ఉదయం ఖిచిడీ, ఖీమా, ఖట్టా తిని అబ్బాజాన్ కార్యాలయానికి, మేము ముగ్గురు అన్నదమ్ములం పాఠశాలకు బయలుదేరేవాళ్లం. రాత్రి ఎనిమిది గంటలకు నేలపై దస్తర్‌ఖాన్ పరచేవారు. ఎంతటి పని ఉన్నా విడిచివచ్చి కూర్చోవలసిందే. దాదీమా మొదటి ముద్ద ఎత్తేవరకు మా చేతులు కదిలేవి కావు. పరీక్షల మార్కులు, బజారు ధరలు, బంధువుల పెళ్లిమాటలు, మా అపరాధాల విచారణ అన్నీ ఆ అరగంటలోనే ముగిసేవి.

పెద్దలు గతించారు. కాలమూ మారింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మన నగరంలో ఎందరో యువకుల దినచర్య అమెరికా పగటిని అనుసరించసాగింది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదైతే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మాలో పెద్దవాని ఉద్యోగం అటువంటిదే. లోకం నిద్రించే వేళ అతడు భోజనం చేస్తాడు. లోకం లేచే వేళకు ఇల్లు చేరి పడుకుంటాడు. రెండవవాడు దుకాణం కట్టి వచ్చేసరికి పదకొండు దాటుతుంది. చిన్నవాడు కళాశాల నుండి ట్యూషనుకు పోతూ బస్సుస్టాండులో సమోసాతో ఆకలి తీర్చుకొంటాడు. ఒకే కప్పు క్రింద మూడు గడియారాలు నడుస్తున్నాయి.

దీనిని మేము స్వేచ్ఛ అనుకున్నాం. ఎవరికి ఆకలైనప్పుడు వారు తినడంలో దోషమేమున్నదని వాదించాం. అమ్మీజాన్ వాదించలేదు. పళ్లెంపై మూత పెట్టి, దుకాణం నుండి కొడుకు వచ్చేవరకు మేల్కొని, కూర వేడిచేసి వడ్డించి, ఆ తరువాతనే తాను తినేది.

గత శీతాకాలంలో ఒక రాత్రి మేము తలుపు తీసేసరికి ఆమె వంటగది గుమ్మంలో కూలబడి ఉన్నది. ఒళ్లంతా చెమట, మాట తడబడుతున్నది. మ్రింగగల స్థితిలోనే ఉన్నందున చక్కెర నీళ్లు త్రాగించి వైద్యుని వద్దకు తీసుకొనిపోయాం. మధుమేహానికి వాడే కొన్ని మాత్రలు వేసుకొని భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుందని ఆయన వివరించారు.

“మాత్ర ఎనిమిదింటికే వేసుకున్నాను బేటా, మీరు తినకుండా నాకు ముద్ద ఎలా దిగుతుంది?” అన్నది అమ్మీజాన్.

మా యింటి పాతవేళను ఆ మాత్ర ఒక్కటే పాటిస్తున్నదని అప్పుడు తెలిసింది. మేము సిగ్గుపడ్డాం.

శరీరానికీ ఒక గడియారం కలదు. దాని పనితీరును కనుగొన్నందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే శాస్త్రజ్ఞులకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. పగటిపూట తిన్నదానిలోని చక్కెరను సర్దుకోగలిగినట్లు అర్ధరాత్రి తిన్నదానిని మన శరీరం సర్దుకోలేదు. ఆలస్యపు భోజనం అమ్మీజాన్‌ను ఒక్క రాత్రిలో పడవేసింది. మమ్మల్ని మెల్లమెల్లగా పడవేయవచ్చును.

ఉద్యోగాలు మానుకొమ్మని మేము చెప్పబోవడం లేదు. పెద్దవాని జీతంతోనే చిన్నవాని ఫీజు చెల్లుతున్నది. కాని రంజాన్ మాసంలో ఇఫ్తార్ వేళకు రెండవవాడు దుకాణం వదలి, చిన్నవాడు ట్యూషను వదలి పరుగున ఇల్లు చేరుతూనే ఉన్నారు. ఒక నెల సాధ్యమైనది మిగిలిన నెలల్లో బొత్తిగా అసాధ్యమేమీ కాదు.

అందుచేత ఇప్పుడు చిన్నవాడు ట్యూషను వేళ మార్చుకొన్నాడు. ఎనిమిదింటికి దస్తర్‌ఖాన్ పరచి, అమ్మీజాన్ ఎదుట కూర్చొని తింటున్నాడు. రెండవవాడు పక్క దుకాణం వారికి అప్పగించి అరగంట వచ్చిపోతున్నాడు. పెద్దవాడు ఆ వేళకు ఫోనుచేసి, “తిన్నావా అమ్మీ?” అని అడుగుతున్నాడు. ఆదివారం అందరం కలుస్తున్నాం.

విద్యార్థి మిత్రులారా! ఈ రాత్రి మీ యింట ఎవరి పళ్లెంపై మూత ఉన్నదో ఒక్కసారి చూడండి.