పావు కిలో విమానం

కూరలు తూచే కాటా మీద విమానాన్ని తూచినవాణ్ని నేను. 2018 డిసెంబరు మాట. జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో మా వీధి చివర బండివాడు వంకాయలు పక్కకి తీసి, నా థర్మాకోల్ విమానాన్ని పెట్టి, "దో సౌ ఛియానబే, చాచా" అన్నాడు.

296. పావు కిలో లోపుండి, 50 అడుగులు దాటకుండా ఎగిరితే రిజిస్ట్రేషన్ నంబరు అక్కర్లేదని ఆ నెల ఒకటో తేదీనే కొత్త నిబంధన అమల్లోకొచ్చింది. 46 గ్రాములు ఎక్కువ.

ఇంటికొచ్చి కోతలు మొదలెట్టాను. రెక్క కింది ఫైబర్ టేపు ఊడదీశాను. సర్వో తీగలు సగానికి కత్తిరించి మళ్లీ అతికాను. చక్రాలు పీకేశాను, గడ్డిలో పొట్ట మీదే దిగుతుందిలే అని. చివరికి ముక్కులోని బ్యాటరీ తీసి చిన్నది పెట్టాను. 248 తూగింది. మర్నాడు చేతిలోంచి వదిలితే తలెత్తి, గాల్లో ఒక్క క్షణం ఆగి, ధబ్బున పడింది. ముక్కు తేలికైతే బరువు తోక వైపు జరుగుతుంది మరి. భద్రత కోసం పెట్టిన నియమానికి ఒదిగించబోయి, బుద్ధిగా ఎగిరేదాన్ని తలతిక్కదాన్ని చేశాను.

అంతకుముందు 2014 అక్టోబరు నాటి ప్రభుత్వ ప్రకటనలో ఈ తూనికల గొడవే లేదు. నిబంధనలు వచ్చేదాకా ప్రైవేటు వాళ్లెవరూ మానవరహిత విమానం ఎగరేయకూడదు, అంతే. ఆ రోజుల్లో మైదానంలో నన్ను ఎవరూ ఆపలేదు. అక్కడి గార్డుకీ తెలీదు, నాకూ తెలీదు. పెళ్లిళ్లకి డ్రోన్లు వచ్చాకే గార్డు దగ్గరికొచ్చి "కెమెరా ఎక్కడ?" అనడం మొదలెట్టాడు. లేదంటే నమ్మడు.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు, నిజం చెప్పొద్దూ, చాలా దయగలవి. సరదాకి ఎగరేసేవాడికి రెండు కిలోల దాకా పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. సోనారిలో విమానాశ్రయం ఉంది గనక మ్యాపు చూసుకోవాలి. ఆకుపచ్చ మండలమైతే చాలు, అనుమతీ అడగక్కర్లేదు. కానీ నంబరు మాత్రం కావాలి. ఆ నంబరుకి తయారీదారు ఇచ్చిన సీరియల్ నంబరూ, ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూల్ సీరియల్ నంబరూ జతచేయాలి. తయారీదారు మా వంటింటి బల్ల. మాడ్యూల్ నా రెండు బొటనవేళ్లు. పైగా ఈ విమానానికి రెక్క మూడుసార్లు మారింది, మోటారు రెండుసార్లు. మొదటినాటిది తోక ఒక్కటే. నంబరు దేనికివ్వాలి, తోకకా?

1929లో ఈ దేశంలో మొట్టమొదటి పైలట్ లైసెన్సు పుచ్చుకున్న జేఆర్‌డీ టాటా గారి కంపెనీ ఊరిది. ఆయనకీ నంబరిచ్చారు లెండి, 1 అని.

మొన్నమొన్నటిదాకా నడిచిన 1934 నాటి విమాన చట్టం ప్రకారం గాలిపటం కూడా విమానమే. ఈ సంక్రాంతికి మనవడు అదే మైదానంలో పటం ఎగరేశాడు. నేను విమానం చంకలో పెట్టుకుని పక్కన నిలబడ్డాను. గార్డు వచ్చాడు. నా చంక వైపు ఓసారి చూసి, మనవడి చేతిలోంచి లటాయి అందుకుని, "ఢీల్ దే, ఢీల్ దే" అంటూ దారం వదలసాగాడు.