బలరాముగారు గొప్పవారా, ఛేత్రి గొప్పవాడా?

పోల్చుట ఉపాధ్యాయవృత్తిలో నొక భాగము. రెండు ఉత్తరపత్రములను ప్రక్కప్రక్కన నుంచి ఒకదానికి డెబ్బదియు, వేరొకదానికి అరువదియు వేయుట మా నిత్యకృత్యము. ఇరువది సంవత్సరములుగా ఈ పని చేయుచుండుటచే నది మాకు మిక్కిలి యలవాటై, చేతనున్న తూనికరాయి సరియైనదా కాదా యని చూచుకొనుటయే మరచితిమి. ఈ సంగతిని మాకు జ్ఞప్తికి దెచ్చినవాడు మన తొమ్మిదవ తరగతి విద్యార్థి. ఆ సందర్భమును ఇచ్చట విన్నవించుకొనుచున్నాము.

2024 జూన్ 6వ తేదీన కలకత్తా సాల్ట్ లేక్ క్రీడారంగమున కువైటు జట్టుతో మన దేశపు ఫుట్‌బాలు జట్టు ఆడెను. సునీల్ ఛేత్రికి అది వీడ్కోలు పోటీ. ఇరుప్రక్కల నొక్క గోలైనను లేకయే అది ముగిసెను. కొలది దినములకు బడులు తెరచిరి. తరగతిలో నెక్కడ విన్నను ఛేత్రి మాటయే. 1984 ఆగస్టు 3వ తేదీన ఆయన మన సికింద్రాబాదులోనే జన్మించెనని యొక బాలుడు సగర్వముగా చెప్పెను. అంతట కడపటి బల్లమీది బాలుడొకడు లేచి, "మాస్టరుగారూ, బలరాముగారే గొప్పవారని మా తాతగా రందురు. వారును మన ఊరివారే, అమ్ముగూడవారు" అని పలికెను.

తరగతిలో నెవరును ఆ పేరు వినియుండలేదు. పిల్లలు నవ్విరి. మేమును చిరునవ్వు నవ్వి, "ఛేత్రి దేశము తరపున 94 గోలులు చేసెను. రొనాల్డో, దాయీ, మెస్సీల తరువాత లోకములో నాలుగవవాడు. మీ తాతగారి బలరాముగా రెన్ని చేసిరి?" అని యడిగితిమి. బాలునకు తెలియదు. "లెక్క తెలియనప్పుడు వాదింపరాదు, కూర్చుండుము" అంటిమి. వాడు కూర్చుండెను. తీర్పు ముగిసినదని తలచి మేము పాఠమునకు మరలితిమి.

ఆ దినము మొదలు ఆ బాలుడు తరగతిలో చేయి యెత్తుట మానెను.

మేము చేసినది అజ్ఞానముచే జరిగిన తప్పైనచో కొంత క్షమింపదగియుండును. కాని అది అట్టిది కాదు. తులసీదాస్ బలరాముగారు 2023 ఫిబ్రవరి 16వ తేదీన కలకత్తాలో మరణించిరను వార్తను మేము పత్రికలో చదివియే యుంటిమి. అమ్ముగూడ పేరును అందు చూచితిమి. చూచి, పత్రికను మడిచి పెట్టితిమి. మరునాడు తరగతిలో నొక్క మాటయైనను చెప్పలేదు. మా పిల్లలకు ఆ పేరు తెలియకపోవుటకు కారకులము మేమే. తెలియనందుకు నవ్వినవారమును మేమే.

తల్లిదండ్రుల సమావేశమునాడు ఆ బాలుని తరపున తాతగారే వచ్చిరి. వయస్సు ఎనుబది. చేతికఱ్ఱ గోడకు చేర్చి, మేము వలదన్నను నిలువబడియే, "పంతులుగారూ, మావాడు మీతో ఎదురాడెనట. నేను చెప్పిన మాటలే వాని కట్లు పట్టుకొన్నవి. మన్నింపవలెను" అనిరి. మన్నింపు వేడవలసినవా రెవరో మాకు తెలియును గనుక నోట మాట రాలేదు. వారిని బలవంతముగ కూర్చుండబెట్టి, "తాతగారూ, మీరు బలరాముగారి ఆట చూచితిరా?" అని యడిగితిమి.

"ఒక్కసారియే చూచితిని బాబూ. 1957లో సంతోష్ ట్రోఫీ పోటీలు హైదరాబాదున జరిగినవి. నాకప్పుడు పదుమూడేండ్లు. టిక్కెట్టుకు డబ్బులేక చెట్టెక్కి చూచితిని. నాతోపాటు ఆ చెట్టుమీద పదిమంది ఉండిరి. వా రా దినమున గోలు కొట్టిరో లేదో నాకు జ్ఞాపకము లేదు. తాము కొట్టదగిన చోట నిలిచి, బంతిని ప్రక్కవాని కిచ్చుట మాత్రము కన్నులకు కట్టినట్లున్నది."

ఆ కాలమున గోలు కొట్టినవాని పేరు పత్రికలో పడెడిది. బంతి నందిచ్చినవాని పేరు వ్రాసియుంచు పద్ధతి లేదు. మేము తరగతిలో నడిగిన లెక్కలో ఆ వృద్ధుడు చూచిన ఆటకు చోటే లేదని మాకప్పుడు తోచెను.

ఆ రాత్రి మొదలు కొన్నిదినములు దొరకిన వ్రాతలన్నియు చదివి, ఇరువురిని న్యాయముగ పోల్చ యత్నించితిమి. ఆ ఫలితమును విద్యార్థుల ముందుంచుచున్నాము.

బలరాముగారు 1936లో జన్మించిరి. ఆ కాలమున మన దేశములో బూట్లులేని ఆట వింత కాదు. 1948 లండను ఒలింపిక్కు పోటీలలో మన జట్టువారు పెక్కుండ్రు వట్టి కాళ్లతోనే ఆడిరి. ఇరువదియేండ్ల ప్రాయమున బలరాముగారు 1956 మెల్బోర్ను ఒలింపిక్కులకు వెళ్లిరి. అచ్చట మన జట్టునకు నాలుగవ స్థానము లభించెను. 1960 రోములో హంగేరీపై మనము 2-1 తేడాతో ఓడితిమి. ఆ ఒక్క గోలు బలరాముగారిది. హంగేరీవారు ఆ యేట కంచుపతకము గెలిచిన జట్టు. పెరూపై ఓడిన ఆటలోను మన గోలు వారిదే. 1962లో జకార్తా ఏషియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణపతకము గెలిచిన జట్టులోను వా రుండిరి. ఆ యేటనే అర్జున పురస్కారము వచ్చెను. మరుసటి యేడు ప్లూరసీ యను ఊపిరితిత్తుల వ్యాధిచే, ఇంక పెక్కేండ్లు ఆడదగిన వయస్సుననే, ఆట విడువవలసివచ్చెను.

ఛేత్రి 2005లో పాకిస్తానుపై క్వెట్టాలో తన తొలి పోటీ నాడి, ఆనాడే గోలు చేసెను. అది మొదలు పందొమ్మిదియేండ్లు ఆడెను. వీడ్కోలు పలికిన పిదప 2025 మార్చిలో జట్టు పిలువగా మరల వచ్చి, మాల్దీవులపై 95వ గోలు చేసెను. అప్పటికి వయస్సు నలువది.

కేవలము సంఖ్యలను చూచినచో వాదమే లేదు. కాని బలరాముగారి దినములలో దేశపు జట్టు కూడుటయే అరుదు. ఒలింపిక్కులు, ఏషియా క్రీడలు, మలయాలో 1957లో మొదలైన మెర్డేకా పోటీలు, ఇట్టివి కొన్ని మాత్రమే యుండెను. నూటయేబది పోటీలాడు నవకాశము ఆనాటి వారిలో నెవరికి కలదు? బంతి తోలుది. వాన తగిలినచో నీరు పీల్చి బరువెక్కును. గాయపడినవానికి మారుగా వేరొకని దింపుట ప్రపంచకప్పు పోటీలలో సైతము 1970లో గాని మొదలు కాలేదు. జకార్తాలో వెనుకవరుస ఆటగాడైన జర్నైల్ సింగు తలకు కుట్లు పడియుండగా ముందువరుసలో నాడి, చివరి పోటీలో గోలు చేసెను.

ఇంతవరకు చదివి, బలరాముగారే గొప్పవారని తేల్చబోతిమి. కాని అదియు మొదటి తీర్పువలెనే తొందరపాటగునని వెంటనే గ్రహించితిమి. బలరాముగారి ప్రక్కన ప్రదీప్ కుమార్ బెనర్జీ, చుని గోస్వామి వంటివారుండిరి. ఆనాటి మన జట్టు ఏషియాలో మేటి. ఛేత్రి కట్టి జట్టు లభింపలేదు. 2015లో మన దేశము ప్రపంచపు వరుసలో 173వ స్థానమునకు దిగజారెను. 1962 ఏషియా క్రీడలలో మనచే 2-0 తేడాతో ఓడిన జపాను, ఛేత్రి కాలమునకు ప్రపంచకప్పులో నిత్యము ఆడు జట్టైనది. ఒలింపిక్కులలో నాడలేదని ఛేత్రిని తక్కువ చేయుటయు తగదు. 1960 తరువాత మన పురుషుల జట్టు అచ్చటికి చేరనేలేదు. 1992 నుండి ఆ పోటీ ముఖ్యముగ ఇరువదిమూడేండ్లలోపు వారిదైనది.

చూచువారి విషయమును తలంపవలెను. బలరాముగారి కాలమున బాలురు చెట్లెక్కి చూచిరి. 2018 జూన్‌లో బొంబాయిలో ఛేత్రి చైనీస్ తైపేపై ఆడి గెలిచిననాడు రెండువేల అయిదువందల మందికి కొంచె మెక్కువగ మాత్రమే వచ్చిరి. వచ్చి చూడుడని ఆయన దేశప్రజలను వేడుకొనెను. తరువాతి పోటీకి క్రీడారంగము నిండెను. తన ఆట చూడుమని ప్రజలను ప్రార్థింపవలసిన కాలమున పుట్టి, పందొమ్మిదియేండ్లు శ్రద్ధ చెడక ఆడుట సామాన్యమైన పనియా?

ఇక మన ఊరి గర్వమును గూర్చి యొక మాట. ఛేత్రి తండ్రిగారు సైన్యోద్యోగి యగుటచే ఆయన ఇచ్చట జన్మించెను గాని, పెరుగుటయు ఆట నేర్చుటయు వేరు చోట్ల జరిగెను. బలరాముగారిని తీర్చినది ఈ నేలయే. తీర్చినవారిలో ముఖ్యులు సయ్యద్ అబ్దుల్ రహీముగారు. వారు పాఠశాలోపాధ్యాయులుగ నుండినవారు. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు హైదరాబాదు పోలీసు జట్టుచే రోవర్సు కప్పు గెలిపించిరి. మెల్బోర్నునకును, జకార్తాకును దేశపు జట్టును నడిపినవారు వారే. జకార్తా విజయము జరిగి యేడాది తిరుగకమునుపే, 1963 జూన్ 11వ తేదీన మరణించిరి. అమ్ముగూడనుండి హైదరాబాదునకు వచ్చి ఆట నేర్చుటకు డబ్బులేని బలరాముగారికి, సైకిలు బాడుగ వారే ఇచ్చెడివారని చెప్పుదురు. ఈ సంగతి చదివినప్పుడు మా మనస్సు చివుక్కుమనెను. ఒక ఉపాధ్యాయుడు అమ్ముగూడ బాలుని సైకిలెక్కించెను. వేరొక ఉపాధ్యాయుడు ఆ బాలుని పేరు పలికిన పిల్లవానిని కూర్చుండుమనెను.

అంతటితో మా యాలోచన ఆటను దాటి తరగతిగదికి వచ్చెను. "మీకు ముందు చదివినవా రెంత చక్కగ చదివిరో! ఎంత చక్కని చేతివ్రాతయో!" అని మేము ప్రతియేట క్రొత్త తరగతివారితో అనుచుందుము. మేము చదువుకొన్ననాడు పదవ తరగతి పరీక్షకు పదునొకండు పత్రములు, 2022 నుండి మన రాష్ట్రమున ఆరే యని యెత్తిపొడిచితిమి గూడ. కాని ఈ తొమ్మిదవ తరగతివారు ఎవరు? 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు వీరు నాలుగవ తరగతి పిల్లలు. అయిదవ తరగతి గదిలో వీరు కూర్చుండనేలేదు. మరుసటి యేడు సెప్టెంబరులో గాని బడికి తిరిగి రాలేదు. ఆ కడపటి బల్లమీది బాలుని యింట నొక్కటే ఫోను. అది తండ్రితో పనికి పోవుచుండెను. ఆ యేడు పాఠములు చెప్పినవారు తాతగారే. ఆ పాఠములలో బలరాముగారి కథ యొకటి. వాని చేతివ్రాత వంకరగ నున్నదని మేము ఎఱ్ఱసిరాతో పలుమారులు గీతలు గీసియుంటిమి.

మేము చిన్ననాట విన్న తలాంతుల ఉపమానములో అయిదింటిని పదిగా చేసినవానికిని, రెండింటిని నాలుగుగా చేసినవానికిని యజమాను డొకే మెప్పు ఇచ్చును. దానిని ఎన్నియోమారులు పిల్లలకు బోధించితిమి. ఉత్తరపత్రములు దిద్దునప్పుడు మాత్రము మేము దానిని తలంపలేదు.

మరుసటి సోమవారము తరగతిలో, అందరి యెదుటను, ఆ బాలుని లేపి, "నాడు మేము చెప్పిన తీర్పు తప్పు. నిన్ను కూర్చుండుమనుట అంతకంటె తప్పు" అని చెప్పితిమి. తరగతి నిశ్శబ్దమయ్యెను. వాడు తలవంచుకొని కొంతసేపు నిలిచి, పిదప మెల్లగ, "అట్లయిన ఎవరు గొప్ప, మాస్టరుగారూ?" అని యడిగెను. అందరును నవ్విరి. ఈ మారు వాడును నవ్వెను.

మే మిచ్చిన సమాధాన మిది. బలరాముగారి చేత ఛేత్రి కాలమును, ఛేత్రి చేత బలరాముగారి కాలమును ఆడింపలేము. ఎవరి కాలము వారికేమి యిచ్చెను, ఏమి యియ్యకపోయెను, ఇచ్చినదానితో వారేమి చేసిరి అను మూడు ప్రశ్నలు మాత్రము అడుగగలము. వానిని అడిగినచో ఇరువురియెడను గౌరవము పెరుగును. అడుగక అంకెలు మాత్రము చూచినచో, ఒకరిని పొగడుటకు వేరొకరిని మరువవలసివచ్చును.

విద్యార్థులారా, మీ యిండ్లలో వృద్ధులున్నచో, వారు కన్నులార చూచిన ఆటలను, ఆటగాండ్రను గూర్చి అడిగి వ్రాసికొనుడు. వారు పోయినపిదప ఆ లెక్క ఏ పుస్తకమునందును దొరకదు. తల్లిదండ్రులారా, మీ బిడ్డను అన్నతోగాని, ప్రక్కింటివానితోగాని పోల్చుటకు ముందు వాని కందిన బంతి యెట్టిదో చూడుడు. మావరకు మేము, ముందటి తరగతివారి గొప్ప చెప్పి ఉన్నవారిని చిన్నపుచ్చుట విడిచితిమి. పాత యలవాటు గనుక అప్పుడప్పుడు నోటివరకు వచ్చును. అప్పుడు కడపటి బల్లవైపు చూతుము. ఆ బాలుడు చేయి యెత్తియుండును.